ఇంటి బీరుకు మసాలా సారం: ఒక టింక్చర్ కిట్‌తో ఎనిమిది నెలలు

గత నవంబరులో, చలికాలపు విందుల కోసమని కాచిన 19 లీటర్ల ముదురు ఏల్ రకం బీరులో నేను 20 లవంగాలు వేశాను. వర్ట్, అంటే పులియబెట్టడానికి ముందు మరిగించే తియ్యటి ధాన్యపు కషాయం, దింపడానికి 15 నిమిషాల ముందు వేసిన ఆ లవంగాలు, ఆరు వారాల తర్వాత సీసా మూత తీసేసరికి మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యం) తీపినీ హాప్స్ అనే పూల చేదునూ పూర్తిగా కప్పేసి ఉన్నాయి. మొదటి గుక్క తాగిన మా కరీంనగర్ మిత్రుడు గ్లాసు కింద పెట్టి, "అన్నా, గిది బీరు లెక్క లేదు, పంటి నొప్పికి దూదిల ముంచి పెట్టే లవంగ నూనె లెక్కుంది" అన్నాడు. అతను అన్నది అక్షరాలా నిజం. పంటి మందుకైనా లవంగానికైనా ఆ ఘాటు వచ్చేది యూజినాల్ అనే పదార్థం వల్లనే. మరిగే కుండలోకి ఒకసారి దిగిన తర్వాత దాన్ని వెనక్కి తీసే దారి లేదు. నెలన్నర శ్రమలో సగానికి పైగా సింకులో పారబోయవలసి వచ్చింది. డాలస్ పక్కన ప్లేనోలో ఉంటూ ఏడేళ్లుగా ఇంట్లో బీరు కాస్తున్నా, మసాలా మోతాదును కుండ దగ్గర ఊహించి వేయడం కాక, గ్లాసులో రుచి చూసి తేల్చుకోవాలన్న ఆలోచన నాకు ఆ రోజే గట్టిగా కలిగింది.

జనవరిలో మా ప్రాంతంలో ఇంటి బీరు సామాను అమ్మే హోమ్‌బ్రూ దుకాణంలో 48 డాలర్లు పెట్టి మసాలా టింక్చర్ కిట్ ఒకటి కొన్నాను. అప్పటి నుంచి ఐదు విడతల బీరుకు దాన్ని వాడాను. కొనాలా వద్దా అని చూసేవారి కోసం తీర్పు ముందే చెబుతాను: ఆ పెట్టెలోని కొలత సామాను ప్రతి పైసాకూ తగినది, మసాలా పొట్లాలు దండగ, దానితో ఇచ్చిన చిన్న పుస్తకాన్ని నమ్ముకుంటే బీరు చెడుతుంది. ఇందుకు కారణాలు వివరంగా చెప్పవలసినవే.

టింక్చర్ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది మోకాలు చెక్కుకుపోయినప్పుడు అమ్మ అద్దిన టింక్చర్ అయోడిన్. మాట అదే, పద్ధతీ అదే: ఒక పదార్థంలోని గుణాన్ని ఆల్కహాలులోకి దింపి నిలవ చేయడం. ఫిల్టరులో కాఫీపొడి వేసి డికాషన్ దింపినట్టే, ఇక్కడ వేడినీళ్లకు బదులు వోడ్కా వంటి స్పిరిట్‌లో ధనియాలో యాలకులో ఊరబెట్టి సారం దింపుతాం. మసాలా దినుసుల వాసన దాదాపు అంతా వాటిలోని నూనెల్లోనే ఉంటుంది. ఆ నూనెలు నీటిలో సరిగా కరగవు, ఆల్కహాలులో చక్కగా కరుగుతాయి. మరుగుతున్న వర్ట్‌లో వేస్తే ఆ నూనెల్లో తేలికైనవి ఆవిరితో పాటు వంటింటి నిండా పరచుకుని పోతాయి, మిగిలినవాటిలో కొంత ఈస్ట్ పులిసేటప్పుడు వెలువడే కార్బన్ డయాక్సైడ్‌తో పోతుంది. అలాగని పులియడం పూర్తయ్యాక పచ్చి మసాలాను నేరుగా బీరులో వేస్తే, దాని మీద ఉండే సూక్ష్మజీవులు కూడా లోపలికి చేరే ప్రమాదం ఉంది. ఘాటైన ఆల్కహాలులో కొన్ని రోజులు నానిన సారానికి ఆ భయం చాలావరకు ఉండదు. అన్నింటికన్నా ముఖ్యమైన లాభం, సారాన్ని చుక్కచుక్కగా కలిపి చూడవచ్చు, ఎక్కువైతే చెడేది ఒక్క గ్లాసు మాత్రమే.

పెట్టెలో ఉన్నవి ఇవి: ముదురు గోధుమరంగు గాజుతో చేసిన 60 మి.లీ. డ్రాపర్ సీసాలు ఆరు, గ్రాములో నూరో వంతు వరకు చూపే చిన్న త్రాసు, 1 మి.లీ. సిరంజి ఒకటి, 10 మి.లీ. సిరంజి ఒకటి, చిన్న గరాటు, కాఫీ వడపోత కాగితాలు, ధనియాలు, నారింజ తొక్క, దాల్చినచెక్క, లవంగం, యాలకులు, అనాసపువ్వు పొట్లాలు, నాలుగు పేజీల సూచనల పుస్తకం. ఆల్కహాలు మనమే కొనుక్కోవాలి. అమెరికాలో ఇంట్లో బీరు కాచుకోవడాన్ని అనుమతించే చట్టం మీద జిమ్మీ కార్టర్ 1978లో సంతకం చేశారు. ఇంట్లో ఒక్కరే వయోజనులు ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకన్నా ఎక్కువ మంది ఉంటే 200 గ్యాలన్ల వరకు సొంత వాడకానికి పన్ను లేకుండా కాచుకోవచ్చు. కొన్న స్పిరిట్‌లో మసాలా ఊరబెట్టడం బట్టీ పెట్టడం కిందికి రాదు. ఇంట్లో బట్టీ పెట్టడానికి మాత్రం ఈ అనుమతి వర్తించదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఉన్న పాఠకులు ఇంకో విషయం గుర్తుంచుకోవాలి. అక్కడ 1968 నాటి ఆబ్కారీ చట్టం కింద లైసెన్సు లేకుండా మత్తు పానీయం తయారుచేయడమే నిషిద్ధం కాబట్టి, ఈ సమీక్ష వల్ల ఉపయోగం పొందగలిగేది ఆ వెసులుబాటు ఉన్న దేశాల్లో ఉంటున్నవారే.

పుస్తకంలో చెప్పిన పద్ధతి ఒక్క వాక్యంలో ముగుస్తుంది: ఏ మసాలా అయినా సీసాలో సగానికి నింపి, మిగతా సగం 40 శాతం వోడ్కా పోసి, రెండు వారాలు ఉంచి, వడకట్టండి. మొదటి విడతకు నేను అక్షరం పొల్లుపోకుండా అలాగే చేశాను. అప్పటికి నాకు అంతకన్నా తెలియదు. ఫలితం ఏ రెండు సీసాలకూ ఒకటిగా లేదు. యాలకుల సీసా అద్భుతంగా దిగింది. దాల్చినచెక్క సీసా రెండో వారానికల్లా ఇటుకరంగుకు తిరిగి, నాలుక మీద వేస్తే పచ్చి వక్క నమిలినట్టు వగరుగా మారింది. నారింజ తొక్కది చేదెక్కిపోయింది. ధనియాలది మాత్రం లేత గడ్డిరంగులో, వాసన ఉందా లేదా అన్నట్టుగా మిగిలింది. కారణం ఆలోచిస్తే తేలికగానే తోచింది. 40 శాతం వోడ్కాలో మిగిలిన 60 శాతం దాదాపు నీరే. ఆ నీరు వాసన నూనెలతో పాటు చెక్కలోని వగరునూ తొక్కలోని చేదునూ కూడా లాగుతుంది. కాఫీపొడి మీద మళ్లీ మళ్లీ నీళ్లు పోసి దించిన డికాషన్‌లో కమ్మదనం పోయి కేవలం చేదు మిగిలినట్టే, ఎక్కువ రోజులు నానిన చెక్కలోనూ చివరికి మిగిలేది ఆ వగరే.

రెండో విడతకు రెండు రకాల స్పిరిట్ తెచ్చి పక్కపక్కనే పెట్టి చూశాను. ఒకటి మామూలు 40 శాతం వోడ్కా, రెండోది ఎవర్‌క్లియర్ అనే ఘాటైన ధాన్యపు స్పిరిట్, 151 ప్రూఫ్, అంటే 75.5 శాతం ఆల్కహాలు. రెండు సీసాల్లోనూ పచ్చడిబండలో ఒక్క దెబ్బకు చిట్లేలా నలగ్గొట్టిన ధనియాలు 10 గ్రాములు, స్పిరిట్ 50 మి.లీ. పోశాను. ఒక వంతు మసాలాకు ఐదు వంతుల ద్రవం అన్నది మందుల తయారీలో ఎంతోకాలంగా ఉన్న పాళ్లు. సీసాలో సగానికి అన్న లెక్క కన్నా ఇదే మేలు, ఎందుకంటే సగం సీసా లవంగాలు, సగం సీసా ధనియాలు తూకంలో ఒకటి కావు, మళ్లీ చేసినప్పుడు అదే రుచి రాదు. మూడో రోజు సాయంత్రం ఎవర్‌క్లియర్ సీసా మూత తీస్తే నిమ్మతొక్క, మల్లెపూవు కలిసినట్టున్న వాసన గదిలోకి వచ్చింది. వోడ్కా సీసా ఆ స్థాయికి రావడానికి పది రోజులు పట్టింది, పైగా అందులో ధనియాల పొట్టు రుచి, చారు పొడిని తలపించే మట్టి వాసన అడుగున ఉండిపోయాయి. ధనియాలకు, నారింజ తొక్కకు, దాల్చినచెక్కకు 75 శాతం దగ్గర ఉండే స్పిరిట్ మూడు నాలుగు రోజులు చాలునని నేను నిర్ణయానికి వచ్చాను. యాలకులకు, లవంగాలకు మామూలు వోడ్కా సరిపోతుంది. 190 ప్రూఫ్, అంటే 95 శాతం స్పిరిట్ ఇంకా వేగంగా లాగుతుంది గానీ, దాని మంట రుచి చూడటానికే అడ్డం వస్తుంది, వాడవలసిన అవసరం నాకు కనిపించలేదు.

ఇక పొట్లాల సంగతి. లవంగం మంచిదైతే తొడిమను గోరుతో నొక్కినప్పుడు నూనె చెమర్చాలి. పొట్లంలోని లవంగాలు పుల్లల్లా విరిగాయి. యాలకుల తొక్కు తెల్లబోయి ఉంది. దాల్చినచెక్క అని రాసి ఉన్నది మందపాటి కాసియా బెరడు. ఘాటు ఎక్కువ, వగరు అంతకన్నా ఎక్కువ. శ్రీలంక దాల్చినచెక్క పొరలు పొరలుగా చుట్టుకుని, వేళ్ల మధ్య నలిపితే పొడి అవుతుంది, దాని సారం తియ్యగా ఉంటుంది. కానీ నాకు ఎక్కువ బాధ కలిగించింది ధనియాల పొట్లమే, ఎందుకంటే ఈ మొత్తం వ్యవహారంలో మన చేతిలో ఉన్న అసలు సొత్తు అదే.

బెల్జియం వారి విట్ అనే గోధుమ బీరులో ధనియాలు, కురసావో అనే చేదు నారింజ తొక్క వేస్తారు. హూగార్డెన్ అనే ఊరి ప్రత్యేకత అయిన ఈ బీరు 1950ల్లో అక్కడి చివరి బ్రూవరీ మూతపడటంతో అంతరించింది. ఆ ఊళ్లో పాలు పోసే పని చేసిన పియెర్ సెలిస్ అనే ఆయన 1966లో దాన్ని మళ్లీ మొదలుపెట్టి బతికించాడు. 1985లో ఆయన బ్రూవరీ అగ్నిప్రమాదంలో దెబ్బతింది. ఆ తర్వాత ఆయన మా టెక్సస్‌కే వచ్చి 1992లో ఆస్టిన్‌లో సొంత పేరు మీద బ్రూవరీ తెరిచాడు. టెక్సస్‌లో ఇంటి బీరు కాచేవాళ్లకు విట్ మీద ఇంత మమకారం ఉండటానికి ఆయన కూడా ఒక కారణమని నా నమ్మకం. ఆ బీరు కాచేవాళ్లు ధనియాల కోసం ఇండియన్ గ్రోసరీ దుకాణాలకు వెళ్లడం ఇక్కడ పాత అలవాటు. అమెరికా సూపర్ మార్కెట్లో దొరికే గుండ్రటి ముదురు గోధుమరంగు ధనియాలు ఎక్కువగా మొరాకో వైపు రకం. వాటి సారంలో ఆకుకూర కాడల వాసన, ఉప్పు మాంసాన్ని గుర్తుచేసే ఒక తీరు ఉంటాయి. మన ధనియాలు కోలగా, లేత పసుపు పచ్చగా ఉంటాయి. గింజలో నూనె శాతం ఐరోపాలో పండే సన్న రకం కన్నా తక్కువే అయినా, వాసన మెత్తగా, నిమ్మజాతి పండ్లకు దగ్గరగా ఉంటుంది. కిట్‌లో వచ్చినవి గుండ్రటివి. మా ఇంటికి నాలుగు మైళ్ల దూరంలోని గ్రోసరీలో 400 గ్రాముల ప్యాకెట్ మూడు డాలర్ల లోపే తెచ్చిన కోల ధనియాలతో అదే పాళ్లలో సారం తీసి, ఏ సీసా ఏదో చెప్పకుండా నలుగురికి వాసన చూపిస్తే, నలుగురూ కోల ధనియాల సీసానే ఎంచుకున్నారు. రసంలో, పులుసుపొడిలో పుట్టినప్పటి నుంచి తింటున్న దినుసుకు బెల్జియం బీరులో ఇంత గౌరవ స్థానం ఉందని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

కిట్‌లో సీసాల మూతకు డ్రాపర్ బిగించి ఇచ్చారు, పుస్తకంలో కొలతలన్నీ చుక్కల్లోనే రాశారు. ఒక లీటరుకు పది చుక్కలు, పన్నెండు చుక్కలు అన్నట్టుగా. ఇది ప్రమాదకరమైన సలహా. నీటి చుక్కలు సుమారు 20 కలిస్తే 1 మి.లీ. అవుతుందన్నది అందరూ వాడే లెక్క. కానీ ఆల్కహాలుకు తలతన్యత తక్కువ కాబట్టి దాని చుక్క చిన్నది. నేను అదే డ్రాపర్‌తో 1 మి.లీ. నింపి లెక్కపెడితే నీటికి 21 చుక్కలు, వోడ్కా సారానికి 40కి పైగా వచ్చాయి, ఎవర్‌క్లియర్ సారానికి ఇంకా ఎక్కువ. పుస్తకం ఏ స్పిరిట్‌ను దృష్టిలో పెట్టుకుని చుక్కలు చెప్పిందో తెలియనప్పుడు ఆ అంకెకు విలువ లేదు. 1 మి.లీ. సిరంజి మీద నూరో వంతు వరకు గీతలు ఉన్నాయి, ఆ గీతలు స్పష్టంగా, ఎనిమిది నెలల్లో అరగకుండా నిలిచాయి. ఈ పెట్టె మొత్తంలో నా బీరును మార్చిన వస్తువు ఏదంటే ఆ సన్నని సిరంజినే చూపిస్తాను.

వేసవిలో కాచిన విట్ బీరు ఉదాహరణగా చెబుతాను. గోధుమ మాల్టు ఎక్స్‌ట్రాక్ట్ పొడి రెండున్నర కిలోలు, కొద్దిగా హాప్స్, బెల్జియం తరహా ఈస్ట్, 19 లీటర్లు. కుండలో మసాలా ఏదీ వేయలేదు. పులియడం ముగిసి, సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ రీడింగ్ మూడు రోజులు మారకుండా నిలిచాక, కొంత బీరు తీసి రిఫ్రిజిరేటర్‌లో చల్లబరిచాను. గ్యాసు లేని బీరులో మసాలా వాసన మందంగా అనిపిస్తుంది, నురగ ఉన్నప్పుడు అదే మోతాదు ముక్కుకు బలంగా తగులుతుంది. అందుకని ఒక చిన్న ప్లాస్టిక్ సీసాలో బీరు పోసి, కార్బన్ డయాక్సైడ్ పట్టించి, తాగే చల్లదనంలోనే పరీక్ష పెట్టాను. నాలుగు గ్లాసుల్లో 100 మి.లీ. చొప్పున కొలిచి, ఒకదాన్ని సారం కలపకుండా వదిలి, మిగతా మూడింటిలో ధనియాల సారం 0.1, 0.2, 0.3 మి.లీ. కలిపాను. 0.1 దగ్గర ఏదో మారిందని తెలుస్తుంది గానీ ఏమిటో చెప్పలేం. 0.3 దగ్గర బీరు వెనక్కి పోయి ధనియాలు ముందుకు వచ్చాయి. 0.2 దగ్గర గోధుమ పులుపూ ధనియాల వాసనా ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డాయి. అది ధనియాల వల్ల అని చెప్పకపోతే తాగేవాళ్లు బీరులోనే ఏదో పూల వాసన ఉందని అనుకుంటారు. ఈ మోతాదే నాకు కావలసింది.

ఇక్కడి నుంచి లెక్క సులభం. 100 మి.లీ.కి 0.2 అంటే లీటరుకు 2, 19 లీటర్లకు 38 మి.లీ. 75.5 శాతం స్పిరిట్‌తో తీసిన ఆ 38 మి.లీ.లో శుద్ధ ఆల్కహాలు 29 మి.లీ. లోపే ఉంటుంది, అంటే మొత్తం బీరు ఘాటు 0.15 శాతం మాత్రమే పెరుగుతుంది, రుచిలో దాని జాడ తెలియదు. సారం వడకట్టేటప్పుడు ధనియాల పిప్పి కొంత పీల్చుకుంటుంది కాబట్టి 38 మి.లీ. కావాలంటే 50 మి.లీ. పోసి మొదలుపెట్టాలి; కిట్ సీసా 60 మి.లీ.దే అయినా మసాలా కూడా పట్టాలి, మెడ వరకు నింపకూడదు. ఒక విడత విట్‌కు ఒక సీసా బొటాబొటిగా సరిపోతుంది, పెద్ద విడతలు కాచేవారికి చాలదు.

లవంగం దగ్గర మాత్రం ఈ పద్ధతిని కొంచెం మార్చుకోవాలి. లవంగ సారం ఎంత బలమైనదంటే 100 మి.లీ. బీరుకు సిరంజి మీద రెండు మూడు గీతలకే మోతాదు సరిపోతుంది, అంత చిన్న కొలతలో చెయ్యి కొద్దిగా వణికినా లెక్క తప్పుతుంది. అందుకని పరీక్షకు 1 మి.లీ. సారంలో 9 మి.లీ. వోడ్కా కలిపి, ఆ పలుచన ద్రవంతో రుచి చూసి, తేలిన మోతాదులో పదో వంతు అసలు సారం బీరుకు వాడుతున్నాను. ఈసారి చలికాలపు ఏల్ కోసం చేసిన పరీక్షకు అదే కరీంనగర్ మిత్రుణ్ణి పిలిచాను. మూడు గ్లాసులు పెట్టి, రెండింటిలో మామూలు బీరు, ఒకదానిలో లవంగం కలిపిన బీరు పోసి, వేరుగా ఉన్నది ఏదో చెప్పమన్నాను. ఏ మోతాదు దగ్గర అతను తడుముకోకుండా చెప్పగలిగాడో అక్కడి నుంచి కొద్దిగా పైకి వెళ్లి ఆగాను. రుచికి రుచికి మధ్య నీళ్లు, ఉప్పులేని మరమరాలు ఇచ్చాను, పది నిమిషాలు విరామం ఇచ్చాను. నాలుక ఒకసారి లవంగానికి మొద్దుబారితే తర్వాతి గ్లాసులో ఏముందో చెప్పలేదు. "ఇప్పుడైతే మంచిగ గుర్తువడుతలేదు గని, లేకుంటే ఏదో తక్కువైనట్టుంటది అన్నా" అన్నాడు. మసాలా బీరు గురించి నేను విన్న మాటల్లో ఇంతకన్నా సరైనది లేదు. లెక్క వేస్తే 19 లీటర్లకు ఆరు మి.లీ. కూడా పట్టలేదు, పది గ్రాముల లవంగాలకు 100 మి.లీ. వోడ్కా పాళ్లతో తీసిన ఆ సారంలో ఉన్నది అర గ్రాముకు కొంచెం పైగా, అంటే ఆరేడు లవంగాల సత్తువ. నేను కుండలో వేసినవి 20.

మిగిలిన దినుసులు తొందరగా చెప్పేస్తాను. యాలకులు తొక్కు తీసి గింజలు మాత్రమే నలగ్గొట్టి వేయాలి, ఐదు రోజులు చాలు. పోర్టర్, స్టౌట్ వంటి నల్లటి బీర్లలో యాలకులు కాఫీ వాసనతో కలిసి ఎంతో బాగా కుదిరాయి. అనాసపువ్వు సారం బీరులో పడగానే పాలపొరలా మసక వస్తుంది. అందులోని ఆనెథోల్ నీటిలో కరగక సన్నని బిందువులుగా విడిపోవడం వల్ల అలా అవుతుంది, చెడిపోయినట్టు కాదు, పైగా బీరుకు వాడే మోతాదులో కనిపించదు. మిరియాలను ముతకగా దంచి రెండు రోజులు ఉంచితే పూల వాసన, వారం ఉంచితే గొంతులో కారం. శొంఠి నిరాశపరిచింది, పచ్చి అల్లం తురుము అంతకన్నా మేలు. వాము మీద నాకు ఎంతో ఆశ ఉండేది, కానీ అందులోని థైమాల్ బీరులో మందుల అల్మరా వాసన వేస్తుంది, క్రిములు చేరి చెడిన బీరుకు వచ్చే లోపానికి చాలా దగ్గరగా ఉంటుంది, ఎవరూ ప్రయత్నించవద్దని మనవి. నారింజ తొక్కకు కిట్‌లోని ఎండు ముక్కలు పారేసి, తాజా పండు మీద పైపై రంగు పొర మాత్రమే తురుముకోవాలి. కింది తెల్లటి పొర ఏమాత్రం పడినా చేదు దిగుతుంది.

సారాన్ని బీరులో ఎప్పుడు కలపాలన్న దాని మీద పుస్తకం ఒక్క ముక్క రాయలేదు. సీసాల్లో నింపే రోజున, గ్యాసు కోసం మరిగించి చల్లార్చిన చక్కెర నీళ్లు బాట్లింగ్ బకెట్లో పోసి, దానిపైన సారం పోసి, ఆ మీద బీరును గొట్టంతో నెమ్మదిగా దింపితే గరిట పెట్టి తిప్పకుండానే సమంగా కలుస్తుంది, గాలి తగలదు. తేలిన మోతాదులో మొదట ముప్పాతిక వంతే కలిపి, ఒకసారి రుచి చూసి మిగిలింది పోస్తాను. కెగ్ (బీరు నిలవ చేసే పీపా) వాడేవారికి ఇంకా వెసులుబాటు ఉంది, వారం తర్వాత కూడా కొంచెం కలుపుకోవచ్చు. మసాలా వాసన నెలలు గడిచే కొద్దీ తగ్గుతుంది కాబట్టి, మూడు నెలల తర్వాత తాగవలసిన బీరుకు ఈ రోజు సరిగ్గా అనిపించిన దానికన్నా కొద్దిగా ఎక్కువ ఉండనిస్తాను.

సామానులో బయటపడిన లోపాలు రెండు. డ్రాపర్ పైనున్న రబ్బరు తొడుగు ఎవర్‌క్లియర్ ఆవిరికి మూడో నెలలో మెత్తబడి జిగురుగా తయారైంది, ఒక సీసాలో సారానికి రబ్బరు వాసన అంటింది, దాన్ని పారేశాను. ఇప్పుడు నిలవకు మామూలు గట్టి మూతలు బిగించి, డ్రాపర్లను పక్కన పెట్టాను. రెండోది, సీసాల మీది కాగితపు లేబుళ్ల మీద పెన్నుతో రాసింది ఒక్క చుక్క సారం కారితే చెరిగిపోతుంది. పెన్సిలుతో రాస్తే చెరగదు. దినుసు పేరు, తూకం, స్పిరిట్ శాతం, పోసిన తేదీ, వడకట్టిన తేదీ రాసి, వెలుతురు తగలని అలమరలో పెడితే మార్చిలో తీసిన యాలకుల సారం ఇప్పటికీ బాగుంది. త్రాసు మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. తెలిసిన తూకపు నాణెం పెట్టి నెలకొకసారి సరిచూస్తున్నాను, తేడా రాలేదు.

ఈ కిట్‌ను పూర్తిగా కొత్తగా మొదలుపెడుతున్నవారికి, కొన్ని విడతలైనా శుభ్రంగా, రుచి తప్పకుండా కాచడం చేతనయ్యాక కొనమంటాను. బీరే చెడినప్పుడు మసాలా దాన్ని దాచలేదు. ఇప్పటికే త్రాసు ఉన్నవారు ఇది కొనవలసిన పని లేదు, మందుల దుకాణంలో దొరికే 1 మి.లీ. సిరంజి, ఆరు గాజు సీసాలు, కాఫీ వడపోత కాగితాలు కలిపి 20 డాలర్లకు మించవు. ఏమీ లేనివారికి 48 డాలర్లు ఎక్కువే గానీ అన్యాయం కాదు.

గత వారం సిరంజి ఇంకొకటి కొనడానికి వెళ్లినప్పుడు, కోల ధనియాలు ఒక గుప్పెడు చిన్న డబ్బాలో పట్టుకెళ్లి దుకాణదారుకు ఇచ్చాను. ఆయన నాలుగు గింజలు అరచేతిలో వేసుకుని బొటనవేలితో నలిపి, చాలాసేపు వాసన చూసి, గ్రోసరీ ఎక్కడుందో కాగితం మీద రాయించుకున్నారు. పొట్లాలు లేకుండా కిట్ అడిగితే ఎనిమిది డాలర్లు తగ్గించి ఇస్తానని కూడా చెప్పారు. అక్కడ కొనేవాళ్లు అలా అడిగి తీసుకోండి, ఆ ఎనిమిది డాలర్లతో ధనియాలూ యాలకులూ మన దుకాణంలోనే తెచ్చుకోవచ్చు.